టవల్ లాగింది చాలు, తలెత్తి చూడండి

మా గార్లదిన్నె నుంచి బెంగళూరుకు హైవేలో వెళ్తుంటే కొడికొండ చెక్‌పోస్ట్ వస్తుంది. అక్కడ పడమరకు తిరిగితే లేపాక్షి. వీకెండ్‌కి ఇంటికి వచ్చిపోతూ ఆ టర్నింగ్ ఎన్నిసార్లు దాటానో లెక్కలేదు. ఈసారి మా అవ్వను తీసుకుని వెళ్లా.

వీరభద్రస్వామి గుడిలో అందరూ చేసే పనే మేమూ చేశాం. వేలాడే స్తంభం కింద టవల్ దూర్చి లాగి, రీల్ తీసుకున్నాం. అంతా అయ్యాక అవ్వ అడిగింది, "స్తంభం సరే నాయనా, ఇంతకీ ఇది ఏం మండపం?"

నాట్యమండపం. 16వ శతాబ్దంలో, విజయనగర రాజు అచ్యుతదేవరాయల కాలంలో విరూపణ్ణ, వీరన్న అనే అన్నదమ్ములు కట్టించిన గుడి ఇది. స్తంభాల మీద చూడండి. రంభ ఆడుతోంది. బ్రహ్మ మద్దెల వాయిస్తున్నాడు. తుంబురుడి చేతిలో వీణ. మూడు కాళ్ల భృంగి కూడా స్టెప్ వేస్తున్నాడు. ఫుల్ ఆర్కెస్ట్రా ఉంది, సౌండ్ ఒక్కటే లేదు.

1520 ప్రాంతంలో విజయనగరానికి వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్, అక్కడి రాజభవనంలో ఒక నాట్యశాల చూశాడు. డాన్స్ చివర్లో ఏ భంగిమలో ఆగాలో అక్కడ పలకల మీద చెక్కి ఉంచారట. మర్చిపోయిన అమ్మాయి వాటిని చూసి గుర్తు తెచ్చుకోవాలి. మా ఆఫీసు భాషలో దీన్ని డాక్యుమెంటేషన్ అంటాం.

అయితే రాయి భంగిమను దాస్తుంది కానీ పాటను దాయలేదు. పాట ఆడేవాళ్ల నోట్లో ఉండేది. 1947లో మద్రాసు రాష్ట్రం దేవదాసీ వ్యవస్థను చట్టంతో ఆపింది. అనంతపురం అప్పుడు ఆ రాష్ట్రంలోదే. ఆడపిల్లల కోసం ఆ చట్టం రావాల్సిందే. కానీ ఆ పెద్దవాళ్ల దగ్గరున్న పాటలు ఎవరు నేర్చుకోవాలి?

నటరాజ రామకృష్ణ గారు ఆ పని చేశారు. గుళ్లలో ఆడిన ఆ కళాకారిణులను వెతికి పట్టుకుని, వాళ్ల దగ్గర నేర్చుకుని ఆంధ్రనాట్యాన్ని నిలబెట్టారు. రామప్ప గుడి శిల్పాలు, జాయప సేనాని రాసిన నృత్తరత్నావళి ముందు పెట్టుకుని పేరిణికి మళ్లీ ప్రాణం పోశారు. శిల్పం ఉంటే సరిపోదు. పుస్తకమో, బతికున్న మనిషో తోడుండాలి.

ఇదంతా చెబుతుంటే అవ్వ భృంగి కాళ్లనే చూస్తోంది. మెల్లగా చేత్తో మోకాలి మీద తాళం వేస్తూ, చిన్నప్పుడు ఊళ్లో ఆడిన కోలాటం పాట ఎత్తుకుంది. నేను ఇన్నేళ్లలో ఒక్కసారీ వినలేదు. గబగబా ఫోన్ తీసి రికార్డ్ నొక్కా. మొదటి చరణం అయింది. ఆగిపోయింది.

"రెండోది మర్సిపోయినా నాయనా. ఆ పాట తెలిసినోళ్లు ఇప్పుడు ఎవరూ లేరు."

నా ఫోన్‌లో ఇప్పుడు స్తంభం కింద టవల్ లాగిన రీల్ ఉంది, సగం పాట ఉంది. రీల్ మళ్లీ ఎప్పుడైనా తీసుకోవచ్చు. ఈ వారం ఇంటికి వెళ్తే మీ అవ్వను ఒక్క పాట అడగండి. రెండో చరణం గుర్తున్నప్పుడే.