దొంగచేతికి దేవుని పేరా?



గత వేసవిలో యౌవనస్థుల కూటముల చివరి దినమున మా సంఘపు పిల్లలకును పొరుగు సంఘపు పిల్లలకును ఫుట్‌బాల్ పందెము జరిగెను. ఆట ముగియుటకు కొద్ది నిమిషములున్నవనగా మా పిల్లవాడొకడు ఎదుటివారి గోలు ముందు, ఎవరును తాకకయే, కాలు పట్టుకొని పడి పొర్లెను. గోలు వెనుక వేపచెట్టు నీడను కూర్చున్న నాకు అది స్పష్టముగా కనబడెను. రిఫరీగా నిలిచిన ఉపాధ్యాయుడు దూరముగా నుండెను. ఆయన పెనాల్టీ ఇచ్చెను. మేము గెలిచితిమి. కప్పు మాకు వచ్చెను.

సాయంకాలము ఆ పిల్లవానిని పిలిచి అడిగితిని. వాడు సిగ్గుపడలేదు. “రిఫరీ చూడలేదు గదండీ అయ్యగారూ! మారడోనా చేత్తో గోలు కొడితే దేవుడి చెయ్యి అన్నారు. నేను ఊరికే పడ్డానంతే” అనెను. ప్రక్కనున్న సంఘపెద్ద ఒకరు నవ్వి, “ఆటలో ఆ మాత్రం తెలివి ఉండాలి లెండి అయ్యగారూ” అనిరి.

పిల్లవానిమీద నాకు కోపము రాలేదు. వానికి ఆ మాట నేర్పిన లోకముమీదను, దానిని విని నవ్విన మన పెద్దరికముమీదను వచ్చెను. కాబట్టి ఈ నెల ఆ మాటనుగూర్చియే వ్రాయుచున్నాను.

జరిగినది ఇది. 1986 జూన్ 22న మెక్సికో నగరమందలి అజ్‌టెకా స్టేడియములో అర్జెంటీనాకును ఇంగ్లండుకును ప్రపంచ కప్పు క్వార్టరు ఫైనలు జరిగెను. 51వ నిమిషమున గాలిలో లేచిన బంతికొరకు ఇంగ్లండు గోల్‌కీపరు పీటర్ షిల్టనును, అతనికంటె ఎంతో పొట్టివాడైన డీగో మారడోనాయు ఎగిరిరి. మారడోనా తలతో కొట్టినట్లు కనబడుచు, ఎడమచేతి పిడికిలితో బంతిని గోలులోనికి నెట్టెను. ట్యునీషియా దేశస్థుడైన రిఫరీ అలీ బిన్ నాసర్ ఆ చేతిని చూడలేదు. లైన్స్‌మను వైపు చూచెను; అచ్చటనుండి ఏ సూచనయు రాలేదు; గోలు ఇచ్చెను. తోటి ఆటగాండ్రు తటపటాయించుచుండగా, వచ్చి తనను కౌగిలించుకొనుడనియు, లేనియెడల రిఫరీ ఒప్పుకొనడనియు తానే వారిని పిలిచినట్లు మారడోనా తరువాత చెప్పుకొనెను. చూచితిరా! ఒకని అబద్ధము నిలుచుటకు తోటివారందరు సంతోషము నటింపవలసి వచ్చెను.

నాలుగు నిమిషములైన తరువాత ఆయనయే తన సగమునుండి బంతిని కాలితో నడిపించుకొని పోయి, ఇంగ్లండు ఆటగాండ్రను ఒకరి తరువాత ఒకరిని దాటి, రెండవ గోలు వేసెను. 2002లో ఫీఫా జరిపిన వోటింగులో అదియే ప్రపంచ కప్పు చరిత్రలో శతాబ్దపు గోలుగా ఎన్నికాయెను. అట్టి కాళ్లు గలవానికి ఆ చెయ్యి ఎందుకు? ఆట 2-1తో ముగిసెను. దొంగిలించిన గోలును తీసివేసినయెడల లెక్క సమానమగుచున్నది.

ఆట ముగిసిన పిమ్మట అడిగినవారికి ఆయన, ఆ గోలు కొంత తన తలతోను, కొంత దేవుని చేతితోను పడినదని చమత్కరించెను. 2005లో తన టెలివిజను కార్యక్రమములో అది తన చెయ్యియేనని ఒప్పుకొనెను. 2020లో మరణించెను. ఆయన ఆత్మకు తీర్పు తీర్చు అధికారము నాకు లేదు. నేను తీర్పు తీర్చుచున్నది ఆ మాటకు. ఆ మాట మాత్రము చావలేదు. 2022లో ఆయన ఆ దినమున ధరించిన చొక్కాను లండనులో వేలము వేయగా 71 లక్షల పౌనులు పలికెను. ఆ బంతి 20 లక్షల పౌనులు పలికెను. లోకము దేనిని పూజించునో దానికే వెల కట్టును.

చేతులనుగూర్చిన మోసము పాతదే. చూపు మందగించిన ఇస్సాకు ఎదుట యాకోబు మేకపిల్లల తోళ్లు చేతులకు చుట్టుకొని నిలిచెను. వేటమాంసము ఇంత త్వరగా ఎట్లు దొరికినదని తండ్రి అడుగగా, దేవుడే దానిని తన యెదుటికి రప్పించెనని చెప్పెను. చూడలేని న్యాయాధిపతి, మారువేషము వేసిన చెయ్యి, అబద్ధముమీద దేవుని పేరు, ఈ మూడును అచ్చటనే యున్నవి. అయినను యాకోబు దీవెన పొందెను గదా అందురేమో. పొందెను. తరువాత లాబాను చేత మోసపోయెను. ముసలితనమున తన కుమారులే మేకరక్తము పూసిన అంగీని చూపి ఆయనను మోసగించిరి. దేవుడు కనికరించినాడని మోసము తెలివి కాలేదు.

ఇప్పుడు మోసమును సమర్థించువారి వాదనలను ఒక్కొక్కటిగా చూతము.

రిఫరీ చూడలేదు గదా అనునది మొదటిది. ఆట నియమముల ప్రకారము ఆటలో జరిగిన సంగతులనుగూర్చి రిఫరీ నిర్ణయమే కడపటిది. నిజమే. అయితే ఆ నిర్ణయము లెక్కను తేల్చును గాని సత్యమును మార్చదు. రిఫరీ తాను చూచినదానిని బట్టి తీర్పు చెప్పును. ఆటగాడు తాను చేసినదానిని ఎరుగును. పిల్లి కన్నులు మూసుకొని పాలు త్రాగినట్లు, రిఫరీ కన్ను తప్పినంత మాత్రమున లోకమంతయు చీకటియగునా? 2009 నవంబరు 18న పారిస్ దాపున ఫ్రాన్సుకును ఐర్లండుకును జరిగిన ఆటలో, అదనపు సమయమున థియెరీ హెన్రీ బంతిని రెండుసార్లు చేతితో ఆపి గల్లాసుకు అందించెను. గల్లాసు గోలు వేసెను. ఫ్రాన్సు ప్రపంచ కప్పునకు వెళ్లెను. ఐర్లండు ఇంటికి వెళ్లెను. ఆట ముగిసిన పిమ్మట హెన్రీ, బంతి తన చేతికి తగిలినదని ఒప్పుకొని, రిఫరీ తాను కాదు గదా అనెను. రిఫరీ కాకపోవచ్చును, సాక్షి మాత్రము ఆయనయే. అందరికంటె దగ్గరనున్న సాక్షి నోరు మూసుకొనినయెడల న్యాయాధిపతిని నిందింపనేల?

ఇచ్చట ఒక భేదము చెప్పవలెను. 2010 జూలై 2న జొహానెస్‌బర్గులో గానా జట్టు బంతి గోలులో పడబోవుచుండగా ఉరుగ్వే ఆటగాడు లూయిస్ సువారెజ్ చేతులతో ఆపెను. రిఫరీ చూచెను, ఎఱ్ఱ కార్డు చూపి వెళ్లగొట్టెను, పెనాల్టీ ఇచ్చెను. గానా దానిని గోలుగా మార్చలేక తుదకు ఓడెను. అది నియమమును మీరుటయే గాని మోసగించుట కాదు. నియమము కోరిన వెల అతడు అందరి యెదుట చెల్లించెను. దానికి తరువాత అతడు గర్వపడుట నాకు నచ్చదు. అయినను దాచిన చేతితో దానిని నేను సమానము చేయను.

అందరును చేయుదురనునది రెండవ వాదన. ఇది అబద్ధము. 1997 మార్చిలో ఆర్సెనల్ మైదానమున లివర్‌పూల్ ఆటగాడు రాబీ ఫౌలర్ గోల్‌కీపరు ఎదుట పడగా రిఫరీ పెనాల్టీ ఇచ్చెను. అతడు నన్ను తాకలేదని ఫౌలరే రిఫరీతో మొరపెట్టుకొనెను. 2000 డిసెంబరులో ఎవర్టన్ గోల్‌కీపరు గాయపడి నేలమీద నుండగా, వెస్ట్‌హామ్ ఆటగాడు పావొలో డి కానియో తనకు అందిన బంతిని గోలులోనికి కొట్టక చేతులతో పట్టుకొని ఆటను ఆపెను. అప్పుడు లెక్క 1-1. గెలుపు అతని యెదుటనే యుండెను. ఈయన పరిశుద్ధుడేమియు కాడు; 1998లో రిఫరీని నేల కూలద్రోసి 11 ఆటల నిషేధము పొందినవాడు. అట్టివాడు చేయగలిగినదానిని మన పిల్లలు చేయలేరా? 2012 సెప్టెంబరు 26న నేపుల్సులో లాజియో ఆటగాడు మిరొస్లావ్ క్లోజె గోలు పడిన తరువాత, బంతి తన చేతికి తగిలినదని రిఫరీతో చెప్పెను. గోలు రద్దాయెను. ఆ రాత్రి అతని జట్టు 3-0తో ఓడెను. నిజము చెప్పినవాడు ఓడిపోవచ్చునని మన పిల్లలకు దాచకుండ చెప్పవలెను. నిజమునకు వెల లేకున్నయెడల దానిని నేర్పుటకు బోధకులెందుకు?

దేశము కొరకు, బీదల కొరకు అనునది మూడవది. 1982లో ఫాక్లండు దీవుల యుద్ధమందు 649 మంది అర్జెంటీనావారు చనిపోయిరి. ఆ తల్లుల దుఃఖమును నేను తేలికగా ఎంచను. ఆ గోలులో వారికి ప్రతీకారము దొరికినదని అనేకులు తలంచిరి. అయితే ఒక దొంగగోలుతో ఏ తల్లి కన్నీరు తుడువబడెను? దేశము కొరకు చేసిన మోసము దేశమునే కూల్చుటయు కలదు. 1989 సెప్టెంబరు 3న రియోలోని మరకానాలో బ్రెజిలుతో ఆడుచు చిలీ ఓడుచుండగా, మైదానములో ఒక మంటబాణము పడెను. చిలీ గోల్‌కీపరు రొబెర్టో రోహాస్, దాచి తెచ్చిన బ్లేడుతో తన నుదురు తానే కోసికొని, అది తగిలినట్లు రక్తముతో పడియుండెను. సంగతి బయటపడెను. ఆట బ్రెజిలుకు పోయెను. ఆయనకు ఆజీవ నిషేధము వచ్చెను (2001లో తొలగించిరి). 1994 ప్రపంచ కప్పు పోటీలకు చిలీ దేశమే వెలివేయబడెను. ఒకని అబద్ధమునకు, ఏ తప్పును ఎరుగని ఆటగాండ్ర యౌవనము వ్యర్థమాయెను. ఆకాను గుడారములో దాచినది ఇశ్రాయేలీయులందరికి ఓటమి తెచ్చిన సంగతి మీరెరుగుదురు.

ఆటయే కదా, ఎవరికి నష్టము అనునది నాలుగవది. 2002 ప్రపంచ కప్పులో టర్కీ ఆటగాడు హకన్ ఉన్సల్ కోపముతో తన్నిన బంతి బ్రెజిలు ఆటగాడు రివాల్డో కాలికి తగిలెను. రివాల్డో ముఖము పట్టుకొని కూలెను. ఉన్సల్ వెళ్లగొట్టబడెను. తరువాత ఫీఫా రివాల్డోకు 11,500 స్విస్ ఫ్రాంకులు జుల్మానా వేసెను. ఉన్సల్ చేసినది తప్పే. అయినను చేసినదానికే గాని చేయనిదానికి శిక్ష పొందరాదు. లేని నొప్పి నటించువాడు తోటివానిమీద అబద్ధసాక్ష్యము పలుకుచున్నాడు. నోటితో పలుకక కాలితోను ముఖముతోను పలికినంత మాత్రమున అది సాక్ష్యము కాకపోదు.

ఇప్పుడు కెమెరాలు వచ్చినవి గదా, ఇక భయమేమి అని కొందరందురు. 2018లో వీడియో సహాయ రిఫరీ విధానము ఆట నియమములలో చేరెను. ఆ యేటి ప్రపంచ కప్పులో, సరిగా జూన్ 22ననే, బ్రెజిలు ఆటగాడు నేమార్ కోస్టారికా గోలు ముందు వెనుకకు పడగా రిఫరీ పెనాల్టీ ఇచ్చి, తెరమీద చూచి, రద్దు చేసెను. మంచిదే. ఇంటిదొంగను ఈశ్వరుడైనను పట్టలేడని సామెత, కెమెరా పట్టవచ్చును. పట్టిన తరువాత? కెమెరా గోలును రద్దు చేయగలదు గాని మనస్సును మార్చలేదు. మన హాస్టలు మైదానములో కెమెరాయు లేదు. అచ్చట మిగిలినది మనస్సాక్షి యొక్కటే.

కాబట్టి పోయినదానిని ఎట్లు సరిచేయవలెను? జక్కయ్య తాను అన్యాయముగా తీసికొనినదానిని నాలుగంతలు మరల ఇత్తునని చెప్పెను. ఫుట్‌బాల్ లోకమునకును ఈ దారి తెలియును. 1999 ఫిబ్రవరి 13న ఎఫ్.ఏ. కప్పులో, గాయపడినవాని నిమిత్తము షెఫీల్డ్ యునైటెడ్ బంతిని బయటికి తన్నెను. మరల వారికే ఇయ్యవలసిన బంతిని ఆర్సెనల్‌లో క్రొత్తగా చేరిన కాను అందుకొని ఓవర్‌మార్సుకు పంపెను, గోలు పడెను, ఆర్సెనల్ 2-1తో గెలిచెను. నియమము ప్రకారము ఆ గోలు చెల్లును. అయినను శిక్షకుడు ఆర్సేన్ వెంగర్ ఆటను మరల ఆడుదమని తానే చెప్పెను. పది దినములకు మరల ఆడిరి. ఆర్సెనల్ మరల 2-1తోనే గెలిచెను. ఈసారి తల యెత్తుకొని గెలిచెను. ఐర్లండు విషయములో మరల ఆడించుటకు ఫీఫా ఒప్పుకొనలేదు. అదే న్యాయమని హెన్రీ తానే అటుపిమ్మట చెప్పినను ఫలము లేకపోయెను. స్టేడియము కొరకని ఐర్లండు సంఘమునకు 50 లక్షల డాలర్లు అప్పిచ్చి, 2014లో దానిని కొట్టివేసితిమని ఫీఫా 2015లో ఒప్పుకొనెను. పోయినది ఆట; ఇచ్చినది సొమ్ము. సొమ్ముతో కప్పబడిన తప్పు దిద్దబడినట్లా?

చదువరులారా, ఇంతవరకు పరదేశస్థుల చేతులనుగూర్చి వ్రాసితిని. ఇక నా చేతులు. ఆ దినమున గోలు వెనుక కూర్చుండి నేను చూచితిని. రిఫరీ చూడలేదు, నేను చూచితిని. లేచి ఒక్క మాట చెప్పియుండవచ్చును. గెలిచినది మా సంఘము గనుక నోరు మెదపలేదు. పైగా ఈ చేతులతోనే కప్పు ఎత్తి మా పిల్లలకు ఇచ్చి, ప్రార్థన చేసి, ఈ జయమునకై దేవునికి స్తోత్రమంటిని. పిల్లవాడు మారడోనా పేరు చెప్పెను. వాని అబద్ధముమీద దేవుని పేరు పెట్టినవాడను నేనే.

మొన్న ఆదివారము ఆరాధన అయిన తరువాత ఆ పిల్లవానిని, ఆ సంఘపెద్దను కూర్చుండబెట్టి ఈ సంగతి నా నోటనే ఒప్పుకొంటిని. సంఘపెద్ద నవ్వలేదు. పిల్లవాడు చాలసేపు నేల చూచి, “మరి కప్పు?” అనెను. పొరుగు సంఘపు అయ్యగారికి ఉత్తరము వ్రాసితిని. వచ్చు శనివారము మేము ముగ్గురమును ఆ కప్పు తీసికొని వెళ్లుచున్నాము. వారు మరల ఆడుదమనినయెడల ఆడుదుము. వలదనినయెడల కప్పు అక్కడనే ఉంచి వత్తుము.