ట్రిక్ చేసే ముందు వెనక్కి వచ్చే దారి చూసుకోండి

బీటెక్ మూడో సంవత్సరంలో మా ఇంటికి, చుట్టాలకి, పక్కింటి వాళ్లకి కంప్యూటర్ డాక్టర్ నేనే. ఎవరి పీసీ స్లో అయినా నాకే ఫోన్ వచ్చేది. ఆ పేరు నిలబెట్టుకోవడానికి రోజూ ఏదో ఒక ట్రిక్ వీడియో చూసేవాణ్ని.

ఒకరోజు నా పెన్‌డ్రైవ్ రైట్ ప్రొటెక్టెడ్ అని మొండికేసింది. వెతికితే ఒక వీడియో దొరికింది. కమాండ్ ప్రాంప్ట్ ఓపెన్ చేయండి, డిస్క్‌పార్ట్ అని కొట్టండి, సెలెక్ట్ డిస్క్ 1, తర్వాత క్లీన్, తర్వాత ఫార్మాట్. రెండే నిమిషాల పని. అతను చెప్పింది చెప్పినట్టు కొట్టేశా. అతని కంప్యూటర్‌లో డిస్క్ 1 అంటే పెన్‌డ్రైవే. నా దాంట్లో మాత్రం డిస్క్ 1 అంటే మా నాన్న కొన్న 1 టీబీ ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్. అందులో మా అక్క పెళ్లి ఫొటోలు, వీడియో ఉన్నాయి. ఇంకెక్కడా కాపీ లేదు.

క్లీన్ అనే ఆ కమాండ్ "నిజంగా తీసేయమంటారా?" అని కూడా అడగదు. పని అయిపోయింది అని ఒక లైన్ చూపిస్తుంది, అంతే. ఫార్మాట్ కూడా అయ్యాక 16 జీబీ చూపించాల్సిన చోట 931 జీబీ కనిపించినప్పుడు గానీ నాకు విషయం అర్థం కాలేదు.

నిజానికి అక్కడితో ఆగి ఉంటే చాలావరకు బయటపడేవాణ్ని. ఉత్త క్లీన్ కమాండ్ చెరిపేది పార్టిషన్ వివరాలనే. ఫైళ్లు డిస్క్ మీద అలాగే ఉంటాయి. క్విక్ ఫార్మాట్ కూడా మొత్తం డేటాని చెరపదు. క్లీన్ ఆల్ కొడితేనే డిస్క్ అంతా సున్నాలతో నిండిపోతుంది. టెస్ట్‌డిస్క్, ఫొటోరెక్ లాంటి ఉచిత టూల్స్ ఉన్నది ఇలాంటి సందర్భాల కోసమే. కానీ కంగారులో ఇంకో తప్పు చేశా. ల్యాప్‌టాప్‌లో ఖాళీ లేదని, రికవర్ అయిన ఫైళ్లని మళ్లీ అదే హార్డ్ డిస్క్‌లో సేవ్ చేశా. అంటే బయటికి తీస్తున్న ఫొటోలతో, ఇంకా బయటికి రాని ఫొటోలని నేనే చెరిపేసుకున్నా. చివరికి కొన్ని ఫొటోలు వచ్చాయి. కొన్ని సగం బూడిద రంగులో వచ్చాయి. పెళ్లి వీడియో రానే లేదు. అక్క ఏమీ అనలేదు. తిట్టినా బాగుండేది అనిపించింది.

ఇది చెప్పడం మిమ్మల్ని భయపెట్టడానికి కాదు. ఇవాళ నేను సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నానంటే ఇంట్లో పీసీని అన్నిసార్లు విప్పి, చెడగొట్టి, బాగుచేయడమే మొదటి కారణం. మీరూ చేయండి. కాకపోతే మన ట్రిక్ వీడియోల్లో, ఆర్టికల్స్‌లో పెద్ద లోపం ఒకటి ఉందని నా అభిప్రాయం. "ఇలా చేస్తే స్పీడ్ పెరుగుతుంది" అని అందరూ చెబుతారు. "తేడా కొడితే ఇలా వెనక్కి రండి" అని చెప్పేవాళ్లు చాలా తక్కువ. ఆ రెండోది లేని ట్రిక్ సగం ట్రిక్కే.

మూడు ప్రశ్నలు

ఇప్పుడు ఏ ట్రిక్ చూసినా నాకు నేను మూడు ప్రశ్నలు వేసుకుంటా. ఇది నా కంప్యూటర్‌లో సరిగ్గా దేన్ని మారుస్తుంది? మార్చాక మళ్లీ పాత స్థితికి రాగలనా? రాలేకపోతే నేను పోగొట్టుకునేది ఏంటి? ఈ మూడింటికి జవాబు తెలిస్తేనే ఎంటర్ కొట్టాలి.

ఈ లెక్కన చూస్తే బాగా తిరిగే ట్రిక్స్ చాలావరకు మొదటి ప్రశ్న దగ్గరే పడిపోతాయి. ఎంఎస్‌కాన్ఫిగ్‌లో ప్రాసెసర్ల సంఖ్య పెంచితే పీసీ పరిగెడుతుందంటారు. విండోస్ ఎలాగూ అన్ని కోర్లనూ వాడుకుంటుంది. ఆ ఆప్షన్ ఉన్నది టెస్టింగ్ కోసం కోర్లని తగ్గించి చూడడానికి. దాని పక్కనే ఉండే మ్యాగ్జిమమ్ మెమరీలో తప్పు నంబర్ వేస్తే పీసీ ఆన్ అవడానికే ఇబ్బంది పడొచ్చు. ప్రీఫెచ్ ఫోల్డర్ ఖాళీ చేయమనేది ఇంకోటి. ప్రోగ్రామ్‌లు త్వరగా ఓపెన్ అవడానికి విండోస్ రాసుకున్న సమాచారమే అది. చెరిపేస్తే మళ్లీ మొదటి నుంచి రాసుకుంటుంది, మనకి కలిసొచ్చేది ఏమీ లేదు. ఇక రిజిస్ట్రీ క్లీనర్ల వాడకాన్ని సపోర్ట్ చేయబోమని మైక్రోసాఫ్టే చెప్పింది.

విండోస్ అప్‌డేట్ శాశ్వతంగా ఆపేసే ట్రిక్ అయితే మూడో ప్రశ్న దగ్గర దొరికిపోతుంది. 2017 మేలో వానాక్రై ర్యాన్సమ్‌వేర్ ప్రపంచమంతా పాకింది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా దాని బారిన పడ్డాయి. అది వాడుకున్న లోపానికి మైక్రోసాఫ్ట్ మార్చిలోనే, అంటే రెండు నెలల ముందే, ప్యాచ్ ఇచ్చింది. అప్‌డేట్ విసిగిస్తే కొన్ని వారాలు పాజ్ చేసుకోండి. సెట్టింగ్స్‌లోనే ఆ సౌకర్యం ఉంది, ఎప్పుడంటే అప్పుడు తీసేయొచ్చు.

"ముందు యాంటీవైరస్ ఆఫ్ చేయండి" అని మొదలయ్యే యాక్టివేటర్ ట్రిక్స్ జోలికి అసలు పోవద్దు. ఈమధ్య ఇంకో మోసం నడుస్తోంది. ఏదో సైట్ ఓపెన్ చేస్తే "మీరు రోబో కాదని నిరూపించుకోండి" అంటూ విండోస్, ఆర్ నొక్కి, కంట్రోల్ వి కొట్టి, ఎంటర్ నొక్కమంటుంది. మీకు తెలియకుండా క్లిప్‌బోర్డ్‌లో పెట్టిన కమాండ్‌ని మీ చేత్తోనే రన్ చేయిస్తుందన్నమాట. అర్థం కాని కమాండ్‌ని పేస్ట్ చేసే అలవాటే వాళ్ల పెట్టుబడి. నేను డిస్క్‌పార్ట్‌లో చేసిన తప్పూ ఆ అలవాటు వల్లే.

మరి పనిచేసేవి ఏవి?

నిజంగా పనిచేసే ట్రిక్స్‌లో చాలావాటికి వెనక్కి వచ్చే దారి కూడా ఉంటుంది. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. స్టార్టప్ యాప్స్‌లో అవసరం లేనివి డిజేబుల్ చేయండి. నచ్చకపోతే మళ్లీ ఎనేబుల్ చేయడానికి ఒక్క క్లిక్ చాలు.

పాత ల్యాప్‌టాప్‌లో ఇంకా హార్డ్ డిస్కే ఉంటే ఎస్‌ఎస్‌డీ వేయండి. ల్యాప్‌టాప్ హార్డ్ డిస్క్ సెకనుకు సుమారు 100 ఎంబీ చదివితే, మామూలు సాటా ఎస్‌ఎస్‌డీ 500 ఎంబీ దాకా చదువుతుంది. అంతకంటే ముఖ్యంగా, చిన్న చిన్న ఫైళ్ల కోసం హార్డ్ డిస్క్ లోపల హెడ్ అటూ ఇటూ తిరగాలి, ఎస్‌ఎస్‌డీలో ఆ తిరుగుడే లేదు. కొనేముందు మీ మోడల్‌లో పట్టేది సాటానా, ఎం.2నా చూసుకోండి. ఇందులో నాకు బాగా నచ్చేది ఇంకోటి ఉంది. పాత డిస్క్‌ని కొత్తదానిలోకి క్లోన్ చేసి, పాతదాన్ని చెరపకుండా నెలరోజులు బీరువాలో పెట్టండి. ఏమైనా తేడా వస్తే మీ పాత కంప్యూటర్ యథాతథంగా అందులో ఉంటుంది.

విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. విండోస్ 11కి టీపీఎం 2.0 కావాలి, పాత ప్రాసెసర్లు కుదరవు. రూఫస్‌తో ఆ చెకింగ్ దాటి ఇన్‌స్టాల్ చేయొచ్చు, కానీ అలాంటి పీసీలకి అప్‌డేట్స్ గ్యారంటీ ఇవ్వబోమని మైక్రోసాఫ్ట్ ముందే చెప్పింది. ఇంట్లో బ్రౌజింగ్‌కి, సినిమాలకి వాడే పీసీ అయితే లినక్స్ మింట్ చూడమంటాను. పెన్‌డ్రైవ్ నుంచే లైవ్‌గా నడుస్తుంది, మీరు ఇన్‌స్టాల్ నొక్కేదాకా హార్డ్ డిస్క్‌ని ముట్టుకోదు. నచ్చకపోతే పెన్‌డ్రైవ్ తీసి రీస్టార్ట్ చేస్తే సరి.

ముందు చేయాల్సిన పనులు

రిజిస్ట్రీలో చెయ్యి పెట్టే ముందు ఆ కీని ఎక్స్‌పోర్ట్ చేసి పెట్టుకోండి. రీస్టోర్ పాయింట్ క్రియేట్ చేయండి. చాలా ల్యాప్‌టాప్‌లలో సిస్టమ్ ప్రొటెక్షన్ ఆఫ్‌లో ఉంటుంది, ముందు అది ఆన్ ఉందో లేదో చూడండి. రీస్టోర్ పాయింట్ విండోస్ సెట్టింగ్స్‌నే వెనక్కి తెస్తుంది, మీ ఫొటోలని కాదు. బయోస్‌లో ఏమైనా మార్చబోతుంటే బిట్‌లాకర్ రికవరీ కీ ఎక్కడుందో చూసుకోండి. కొత్త విండోస్ 11 ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి ఎన్‌క్రిప్షన్ దానంతట అదే ఆన్ అయి ఉంటుంది. టీపీఎం క్లియర్ చేశాక ఆ కీ అడిగితే, మీ దగ్గర లేకపోతే డేటా మీద ఆశ వదులుకోవాల్సిందే. డిస్క్‌పార్ట్ వాడాల్సి వస్తే లిస్ట్ డిస్క్ కొట్టి, నంబర్ కాదు, సైజు చూడండి. అవసరం లేని డ్రైవ్‌లు పీకేసి కూర్చోండి.

అన్నిటికంటే ముందు బ్యాకప్. మూడు కాపీలు, రెండు రకాల స్టోరేజ్‌లో, ఒకటి ఇంటి బయట. బయట అంటే క్లౌడ్ కావచ్చు, అక్క వాళ్లింట్లో ఉన్న హార్డ్ డిస్క్ కావచ్చు. మా ఇంట్లో ఇప్పుడు రెండూ ఉన్నాయి. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే అనుకోండి, కానీ ఆ తర్వాత పుట్టిన మా మేనకోడలి ఫొటోలన్నీ భద్రంగా ఉన్నాయి.

ఇప్పటికీ తమ్ముళ్లు ట్రిక్ లింక్ పంపి "అన్నా, ఇది పనిచేస్తుందా?" అని అడుగుతుంటారు. పనిచేస్తుందో లేదో తర్వాత చెబుతా, ముందు మీ ఇంట్లో ఫొటోలు ఎన్ని చోట్ల ఉన్నాయో చెప్పు అంటా. ఒక్కచోటే అంటే, ఆ వీడియో పక్కన పెట్టి ఈ ఆదివారం కాపీ చేసే పని చూడమంటా.