బడి గంట అందరికీ ఒకటేనా?

బడి గంట మోగగానే చెవులు మూసుకుని బల్ల కింద దూరే పిల్లవాణ్ణి చూసి కొందరు నవ్వుతారు, కొందరు మొండివాడని కోప్పడతారు. ఈ రెండూ అన్యాయమే. ఎందుకో చూద్దాం.

శబ్దాన్ని అందుకునేది చెవి. దాన్ని తెలుసుకునేది మెదడు. అక్కరలేని చప్పుళ్ళను మెదడు వెనక్కి నెట్టేస్తుంది కాబట్టే ఫ్యాను తిరుగుతున్నా మీకు పాఠం వినబడుతుంది. ఆటిజం ఉన్నవారిలో చాలామందికి ఈ వడపోత మరోలా జరుగుతుంది. కొందరికి మామూలు మోతే భరించరానిదవుతుంది. మరికొందరికి దెబ్బ తగిలినా నొప్పి అంతగా తెలియదు. ఒకే మనిషిలో ఈ రెండూ ఉండవచ్చు.

1943లో అమెరికాలో లియో కానర్ అనే వైద్యుడు 11 మంది పిల్లలను గురించి రాస్తూ, పెద్ద చప్పుళ్ళకు వారు భయపడడాన్ని గమనించాడు. పశుశాస్త్రవేత్త టెంపుల్ గ్రాండిన్ తానూ ఆటిజం ఉన్న మనిషే. చిన్నప్పుడు బడి గంట తనకు పంటి డాక్టరు మర నరానికి తగిలినంత బాధ కలిగించేదని ఆమె రాశారు.

"వినగా వినగా అదే అలవాటవుతుంది" అని మీరనవచ్చు. కాని శబ్దాలకు ఇలా అతిగా బాధపడే ఆటిజం పిల్లల మెదడును పరిశీలిస్తే, ఆ అలవాటు పడడమే తక్కువని తేలింది. చూపు ఆననివాడికి కళ్ళద్దాలు ఇస్తాం గాని, గట్టిగా చూడమని కొట్టం గదా!

గంట మోత తగ్గించడం, మోగే ముందు ఒక మాట చెప్పడం, చెవులు కప్పుకోనివ్వడం, వీటికి పెద్ద ఖర్చు లేదు. మన దేశంలో 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో ఆటిజం కూడా ఉంది. బడిలో ఇటువంటి ఏర్పాట్లు కోరడం ఆ పిల్లల హక్కు. మీ తరగతిలో అలాంటి నేస్తం ఉంటే, ఏది బాధిస్తుందో ముందు అడగండి.