పాటకు పునాది వేసినవాడు



ఇంటికి వచ్చినవారు గోడల రంగు చూస్తారు, తలుపుల నగిషీ చూస్తారు. పునాది బాగుందని మెచ్చుకున్నవారిని నేనింతవరకు చూడలేదు. పాటలోనూ అంతే. పాడినవారి పేరు ఊరందరికీ తెలుస్తుంది. అడుగున ఉండి పాటను మోసినవాని పేరు అడిగేవారుండరు. అటువంటి ఒకాయనను ఈ నెల మీకు పరిచయం చేస్తాను.

ఆయన పేరు జేమ్స్ జేమర్సన్. అమెరికాలో సౌత్ కరోలినా రాష్ట్రంలోని ఎడిస్టో దీవిలో 1936లో ఒక నల్లజాతి కుటుంబంలో పుట్టారు. ఇంటి ఆడవారిలో ఒకరు పియానో వాయించేవారు, మరొకరు చర్చి క్వయరులో పాడేవారు. 1954లో తల్లితో డెట్రాయిట్ నగరానికి వచ్చి, అక్కడి పాఠశాలలో నిలబడి వాయించే పెద్ద బేస్ వాయిద్యం నేర్చుకున్నారు. తరువాత బేస్ గిటారు పట్టారు. మామూలు గిటారుకు ఆరు తీగలైతే దీనికి నాలుగే. లావుపాటి తీగలు, బాగా కింది స్వరం. చెవికంటె ముందు గుండెకు తగులుతుంది.

పిలిచిన పాటకల్లా స్టూడియోలో వాయించి కూలి పుచ్చుకునేవారిని సెషన్ వాద్యకారులంటారు. 1959లో బెర్రీ గోర్డీ స్థాపించిన మోటౌన్ కంపెనీలో జేమర్సన్ ఆ పనిలో చేరారు. కుడిచేతి చూపుడువేలు ఒక్కదానితోనే మీటేవారు. తీగ తెగితే తప్ప మార్చేవారు కాదు. 1964లో టెంప్టేషన్స్ బృందం పాడిన ‘మై గర్ల్’ పాట ఆయన బేస్‌తోనే మొదలవుతుంది. ఫోర్ టాప్స్ వారి ‘బెర్నడెట్’ (1967), స్టీవీ వండర్ ‘ఐ వాజ్ మేడ్ టు లవ్ హర్’ (1967) పాటలలో ఆ వేలి నడకను ఈనాటికీ బేస్ నేర్చుకునేవారు పాఠంలా సాధన చేస్తారు.

1968 నాటికి కంపెనీ ఆయనకు వారానికి 1,000 డాలర్లు ఇచ్చేది. ఆనాటికి అది పెద్ద మొత్తమే. కూలి ఇచ్చారు, పేరు మాత్రం ఇవ్వలేదు. రికార్డు అట్టల మీద వాద్యకారుల పేర్లు ఉండేవి కావు. 1971లో మార్విన్ గే ‘వాట్స్ గోయింగ్ ఆన్’ ఆల్బమ్ మీద మొట్టమొదటిసారి ఆయన పేరు అచ్చయింది. ఆ పాట రికార్డింగునాడు ఆయన తాగి కూర్చోలేని స్థితిలో ఉండి, నేల మీద వెల్లకిలా పడుకొని వాయించారని తోటివారు చెప్పుకుంటారు. ఇంటికి వెళ్లి, ఇవాళ గొప్ప పాట ఒకటి చేశామని భార్యతో అన్నారట.

పేరు రాకపోవడమే ఆయనను తాగుడులోకి దింపిందని నేననను. ఎవరి గ్లాసుకు వారే బాధ్యులు. కాని గుర్తింపు లేని పని మనిషిని లోలోపల ఎంత తొలుస్తుందో, ఆయన చివరి రోజులు చూస్తే తెలుస్తుంది. 1972లో కంపెనీ లాస్ ఏంజిలిస్‌కు తరలిపోయింది. మరుసటి ఏడు ఆయనా వెళ్లారు. అక్కడ పాత వైభవం దక్కలేదు. 1983 మార్చిలో మోటౌన్ 25 ఏళ్ల వేడుక ఘనంగా జరిగితే, జేమర్సన్‌కు వేదిక మీద చోటు లేదు. టికెట్ కొనుక్కొని జనంలో కూర్చున్నారు. తాను మోసిన పాటలకు చప్పట్లు కొడుతున్నవారి నడుమ ఆయన ఎలా కూర్చోగలిగారో! అదే సంవత్సరం ఆగస్టు 2న కన్నుమూశారు. 47 ఏళ్లు.

తరువాత అన్నీ వచ్చాయి. 1989లో ఆయన మీద పుస్తకం వెలువడింది. 2000లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చుకున్నారు. 2002లో ఆయన, ఆయన తోటి వాద్యకారుల మీద సినిమా తీశారు. వినడానికి ఆయన మాత్రం లేరు.

ప్రియులారా, మనమూ సమాధి మీద పూలదండ వేయడానికి ముందుంటాము. బతికున్నవానికి ఒక మంచిమాట చెప్పడానికి మాత్రం నోరు రాదు. ఈసారి పాట విన్నప్పుడు కాస్త ఆగి, కింద వినిపించే ఆ బరువైన స్వరాన్ని వెదకండి. మీ పాటల కూటంలో మూల కూర్చుని డోలక్ వాయించే కుర్రవాడి పేరు మీకు తెలుసా? తెలియకపోతే ఇవాళే అడగండి. “బాగా వాయించావు నాయనా” అని ఒక్కమాట అనండి. ఆ మాట వినవలసినవాడు వినగలిగినప్పుడే అనండి.