ఆధారం ఎవరిని అడుగుతున్నాం?

సంక్రాంతి సెలవులు ముగిసింది మొదలు మార్చి 31 దాకా గోదావరి జిల్లాల కళాశాలల్లో సదస్సుల కాలం. ఆర్థిక సంవత్సరం ముగిసేలోగా మంజూరైన నిధులు ఖర్చు చేయాలి గనుక రాజమహేంద్రవరం, కాకినాడ, భీమవరం, ఏలూరు, అమలాపురాలలో ఒకే వారంలో రెండు మూడు సదస్సులు జరగడం పరిపాటి. జ్యోతి ప్రజ్వలన, శాలువాలు, జ్ఞాపికలు, కీలకోపన్యాసం, భోజనానంతరం పత్ర సమర్పణలు, సాయంత్రానికి ధ్రువపత్రాలు. ఈ తంతును ఎగతాళి చేయడం తేలిక. కానీ ఒక గ్రామీణ దళిత పరిశోధకుడు తన ఊరి గురించి తాను కనుగొన్నది తోటి పండితుల ముందు నిలబడి చెప్పగలిగే వేదిక ఈ ప్రాంతంలో ఇదొక్కటే. కనుక అక్కడ ఎవరి పత్రానికి చోటు దొరుకుతోందో, ఎవరి మాటకు ఎంత సమయం దక్కుతోందో పట్టించుకోక తప్పదు.

విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2016 నిబంధనల ప్రకారం పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథం సమర్పించే ముందు ఒక పత్రం ప్రచురించి, రెండు పత్రాలు సదస్సుల్లో చదివి తీరాలి. 2022 నిబంధనల్లో ఆ షరతు తొలగిపోయింది. అధ్యాపకులకు మాత్రం లెక్క కొనసాగింది. 2018 నిబంధనల పట్టికలో రాష్ట్రస్థాయి సదస్సులో పత్రానికి 2 మార్కులు, జాతీయానికి 3, దేశంలో జరిగే అంతర్జాతీయానికి 5, విదేశాల్లో అయితే 7. విదేశంలో ఉన్న పూర్వ విద్యార్థి ఒకరు ఆన్‌లైన్‌లో పావుగంట మాట్లాడితే మన మండల కేంద్రంలో జరిగే సదస్సు కూడా అంతర్జాతీయం కావడానికి మూలం ఇదే. మార్కుల అవసరం ఎక్కువైన కొద్దీ పత్రాలను చదివి ఎంపిక చేసే ఓపిక తగ్గింది. రుసుము కట్టిన ప్రతి వ్యాసమూ ఐఎస్‌బీఎన్ సంఖ్యతో సంకలనంలోకి ఎక్కుతోంది. ఆ సంకలనాన్ని తెరిచి చదివినవారు అరుదు.

రుసుము సంగతి కూడా చెప్పాలి. జేఆర్‌ఎఫ్ ఉన్న విద్యార్థికి నెలకు 37,000 రూపాయలు వస్తాయి. అది లేనివారికి కేంద్రీయ విశ్వవిద్యాలయాల్లో నెలకు 8,000 ఇచ్చే ఏర్పాటు ఉంది; రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో చాలామందికి అదీ లేదు. ప్రైవేటు జూనియర్ కళాశాలలో పాఠాలు చెప్పుకుంటూ పరిశోధన చేసేవారికి రిజిస్ట్రేషన్ రుసుము, ప్రయాణం, ఒక రోజు జీతం కోత కలిస్తే ఒక్కో పత్రం భారమే.

ఎంపిక మాటకొస్తే, పత్ర సంగ్రహంతో పాటు పరిశోధకుడి పేరు, పర్యవేక్షకుడి పేరు, కళాశాల పేరు పంపమనడం మన దగ్గర ఆచారం. తెలుగువారికి ఇంటిపేరు తెలిశాక వేరే ఆధారం అక్కర్లేదు. ఇంటిపేరుతో తేలకపోతే ఊరిపేరు, ఊరితో తేలకపోతే పేట పేరు, అదీ చాలకపోతే పర్యవేక్షకుడు. పదిహేనేళ్లుగా ఇలాంటి ఎంపిక సంఘాల్లో కూర్చుంటున్నాను. ‘ఈ అబ్బాయి ఎవరి తాలూకు’ అన్న ప్రశ్న వినని సమావేశాలు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. అడిగేవారు తాము కులం అడుగుతున్నామని ఒప్పుకోరు. కొందరికి నిజంగానే ఆ స్పృహ ఉండదు.

ఎంపికయ్యాక మరొక విభజన. నీటిపారుదల, వ్యవసాయం, జమీందారీలు, జాతీయోద్యమం మీద రాసినవారికి ఉదయం ప్రధాన మందిరం. కులం మీద రాసినవారందరికీ కలిపి ‘అణగారిన వర్గాలు’ అనే శీర్షిక, మధ్యాహ్నం మూడున్నర, మేడ మీద గది, ఒక్కొక్కరికి అయిదు నిమిషాలు. అప్పటికి సగం మంది కాకినాడ బస్సు కోసం బయలుదేరి ఉంటారు. దళిత పరిశోధకుడు కాలువల చరిత్ర రాసినా అతని పత్రం అదే గదికి చేరుతుంది. వ్యవసాయ చరిత్రలో కులం లేనట్టు, కులానికి వ్యవసాయంతో పనిలేనట్టు!

ఇటీవలి ఒక ఉదాహరణ. మా విభాగంలో పరిశోధన చేస్తున్న ఒక విద్యార్థిని ధవళేశ్వరం ఆనకట్ట, డెల్టా కాలువల పనుల్లో కూలీలు ఎవరన్న విషయం మీద పత్రం సిద్ధం చేసింది. 1847లో మొదలై 1852లో పూర్తయిన ఆ ఆనకట్ట గురించి మనకు తెలిసినదంతా కాటన్ దొర దీక్ష, డెల్టా సిరి. మట్టి మోసినవారి ఊసు ఒకటి రెండు వాక్యాలకు మించదు. ఆమె మూడు పేటల్లో వృద్ధుల నోట విన్న కథనాలను సేకరించింది. నర్సాపురం చేరి, తరువాత ఆనకట్ట కూలీల మధ్య కూడా పనిచేసిన బౌడెన్, బీర్‌ల మిషన్ రాతలతో వాటిని పోల్చి చూసింది. అధ్యక్షస్థానంలో ఉన్న పెద్దమనిషి రెండో నిమిషంలోనే అడ్డుపడ్డారు: ‘ఆధారం ఏమిటమ్మా? ఇది జ్ఞాపకం, చరిత్ర కాదు’. అదే రోజు ఉదయం ఒక సంస్థాన కుటుంబం మీద చదివిన పత్రానికి ఆ కుటుంబమే దాచుకున్న వంశావళి ప్రధాన ఆధారం. దాన్ని ఎవరూ ప్రశ్నించలేదు. పైగా అరుదైన మూలమని మెచ్చుకున్నారు.

మౌఖిక కథనాన్ని ప్రశ్నించరాదని నా వాదన కాదు. ఆరు తరాల కిందటి పనిని నేటి వృద్ధుల మాట ఎంతవరకు మోసుకొస్తుంది? వారు చెబుతున్నది ఆనకట్ట సంగతా, లేక తమ తాతలు ఏటేటా చేసిన కాలువ పూడికతీత సంగతా? ఈ ప్రశ్న అడిగి ఉంటే ఆ పత్రం బాగుపడేది. ఆ అమ్మాయి దగ్గర దానికి కొంత సమాధానం కూడా ఉంది. అడిగినది ప్రశ్న కాదు, కూర్చోమనడం. ఇంట్లో కాగితం దాచుకోగలిగిన కులానికి జ్ఞాపకం ఆధారమవుతుంది. కాగితం లేని కులానికి జ్ఞాపకం పుక్కిటి పురాణమవుతుంది.

1916 మే 9న కొలంబియా విశ్వవిద్యాలయంలో గోల్డెన్‌వైజర్ నిర్వహించిన మానవశాస్త్ర సెమినార్‌లో పాతికేళ్ల అంబేడ్కర్ భారతదేశంలో కులాల పుట్టుక మీద పత్రం చదివారు. మరుసటి ఏడాది అది ‘ఇండియన్ యాంటిక్వరీ’లో అచ్చయింది. విదేశీ తరగతి గదిలో ఒక విద్యార్థి సెమినార్ పత్రానికి దక్కిన ఆదరణ ఇరవయ్యేళ్ల తరువాత స్వదేశంలో దక్కలేదు. 1936లో లాహోర్ జాత్‌పాత్ తోడక్ మండల్ తమ సభకు అధ్యక్షుడిగా ఆయనను పిలిచి, ప్రసంగ పాఠం ముందుగా చూసి, కొన్ని భాగాలు తీసేయమంది. ఆయన కామా కూడా మార్చనన్నారు. సభే రద్దయింది. ఆ పాఠాన్ని సొంత ఖర్చుతో 1,500 ప్రతులు అచ్చు వేయించారు. పిలిచింది కుల నిర్మూలన కోరుకున్న సంస్కర్తలే అన్నది మరువరాదు. నేటి నిర్వాహకుల్లోనూ చాలామంది ఆ కోవవారే. సదుద్దేశం ఉంటుంది, సంగ్రహం చూశాక గుండె జారుతుంది.

2017లో పశ్చిమ గోదావరి గరగపర్రులో అంబేడ్కర్ విగ్రహం విషయమై దళితుల సాంఘిక బహిష్కారం, 2022 మే 24న కోనసీమ జిల్లా పేరు మార్పుపై అమలాపురంలో చెలరేగిన హింస ఈ డెల్టా సమాజ శాస్త్రజ్ఞులకు ముఖ్యమైన పరిశోధనాంశాలు. వాటిపై పత్రం పంపితే ‘సున్నితమైన అంశం, వాతావరణం బాగాలేదు’ అన్న ఫోను వస్తుంది. ఫోనే వస్తుంది, ఉత్తరం రాదు. తిరస్కరించినట్టు రాతలో ఎక్కడా ఉండదు గనుక అడగడానికీ ఏమీ మిగలదు. అవే ఘటనలను ‘సామరస్యం’ అనే మాట తగిలించి పంపితే చోటు దొరికిన సందర్భాలు నాకు తెలుసు.

ఇక భాష. కుసుమ ధర్మన్న రాజమండ్రిలో ఉండి నల్లదొరతనాన్ని నిలదీసింది తెలుగులో. మామిడికుదురు బోయి భీమన్న పాలేరు బతుకును నాటకం చేసింది తెలుగులో. వారి మీద సదస్సు పెట్టి పత్రాలు ఆంగ్లంలోనే పంపాలనడం వింత కాదా? తెలుగు శాఖ సదస్సులకు ఈ చిక్కు లేదు. చరిత్ర, సమాజశాస్త్ర, ఆర్థికశాస్త్ర సదస్సుల్లో తెలుగు పత్రం అంటే రెండో తరగతి సరుకు. ఫలితంగా క్షేత్రంలో తెలుగులో విన్నదాన్ని పరిశోధకుడు అరకొర ఆంగ్లంలోకి మార్చి, ఆ ఆంగ్లం బాగాలేదని మాట పడుతున్నాడు. పేటలో మాట ఇచ్చిన ముసలమ్మకు ఆ పత్రం ఎప్పటికీ చేరదు.

నేను కోరుతున్న మార్పులకు పెద్దగా డబ్బు అక్కర్లేదు. సంగ్రహాలను పేరు, పర్యవేక్షకుడు, కళాశాల వివరాలు తీసేసి, సంఖ్య వేసి, వేరే ఊరి పరిశీలకులకు పంపాలి. అంశాన్ని బట్టి మనిషిని ఊహించేవారు అప్పటికీ ఉంటారు, కాని ఊహ వేరు, ఇంటిపేరు వేరు. తిరస్కరిస్తే కారణం రాతపూర్వకంగా ఇవ్వాలి. ఫెలోషిప్ లేనివారికి రుసుము మినహాయించాలి. శాలువాల ఖర్చులో సగం చాలు. కులం మీద పత్రాలను ఒక గదిలో పోగు చేయకుండా విషయాన్నిబట్టి పంచాలి: కాలువ పత్రం కాలువల దగ్గరికి, భూమి పత్రం భూమి దగ్గరికి. అన్ని శాఖల్లోనూ తెలుగు పత్రానికి సమాన సమయం ఇవ్వాలి.

ఈ కాలపు సదస్సుల్లో చాలావాటికి సంగ్రహాల గడువు ఇంకా ముగియలేదు. ఆహ్వాన పత్రంలో రుసుము మినహాయింపు గురించి ఒక వాక్యం, పేర్లు తొలగించి పరిశీలిస్తామని మరొక వాక్యం చేర్చడానికి నిర్వాహకులకు ఒక పూట పని.