అర్ధరాత్రి నొప్పికి ఎవరు పలికారు?

“ఇక మా చేతుల్లో ఏం లేదు, ఇంటికి తీసుకెళ్లండి.” పెద్దాసుపత్రిలో ఈ మాట విని వెనక్కి వచ్చిన కుటుంబం లేని పల్లె మన దగ్గర ఉండదు. ఆ మాట తర్వాత రోగికి మిగిలే రోజులు పది కావచ్చు, వంద కావచ్చు. ఆ రోజుల్లో నొప్పి, ఆయాసం, వాంతులు తగ్గించడానికి, మంచాన పడ్డ మనిషినీ అతణ్ణి చూసుకునే ఇంటివాళ్లనూ కనిపెట్టుకుని ఉండడానికి ఒక వైద్యం ఉంది. దాన్ని పాలియేటివ్ కేర్ అంటున్నాం. అందులో చివరి రోజుల సేవకు హాస్పైస్ అని పేరు. ఎన్టీఆర్ జిల్లా ఎ.కొండూరు మండలానికి ఈ వైద్యం అవసరం ఎంతుందో వేరే చెప్పక్కర్లేదు. ఏళ్ల తరబడి ఇక్కడి తండాల్లో కిడ్నీ జబ్బు మనుషుల్ని తీసుకుపోతోంది. తాగునీటి గురించి, డయాలసిస్ గురించి, పింఛన్ల గురించి చాలా మాట్లాడుకున్నాం, ఇంకా మాట్లాడుకోవాలి కూడా. కిడ్నీలు పూర్తిగా పాడైన మనిషి ఆఖరి నెలలు ఎలా గడుస్తున్నాయి, అప్పుడు అందే సేవ మంచిదో కాదో ఎలా తేల్చాలి అన్న మాట మాత్రం ఆ చర్చల్లో దాదాపు వినపడదు. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. ఆ సేవ నాణ్యతను మంచాల సంఖ్యతోనో, ఇంటికి ఎన్నిసార్లు వెళ్లారన్న లెక్కతోనో కొలిస్తే మనం మోసపోతాం. అర్ధరాత్రి నొప్పి లేచినప్పుడు ఎవరు పలికారు, ఎంతసేపటికి ఉపశమనం దొరికింది అన్నదే అసలు కొలత.

ముందుగా ఇక్కడ ‘సేవ అందించేవాళ్లు’ ఎవరో తేల్చుకోవాలి. హాస్పైస్ అనగానే నగరంలో ఒక ప్రశాంతమైన భవనం గుర్తొస్తుంది. దేశంలో మొదటిదైన శాంతి అవేదన సదన్ 1986లో ముంబైలో మొదలైంది. హైదరాబాదులో ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి పాలియేటివ్ విభాగం, బంజారాహిల్స్ రోటరీ వాళ్లు 2011లో ప్రారంభించిన స్పర్శ్ హాస్పైస్ ఎంతోమంది పేదలకు పైసా తీసుకోకుండా ఆసరా అయ్యాయి. అవి గొప్ప సంస్థలే. కానీ మిరపచేలో కూలికి పోయే కుటుంబం చావుకు దగ్గరైన మనిషిని అంత దూరం తీసుకుపోలేదు, తీసుకుపోవాలనీ అనుకోదు. తండాలో తన ఇంట్లో, తన వాళ్ల మధ్య కన్ను మూయాలనే ఎక్కువమంది కోరుకుంటారు. అలాంటివాళ్లకు దగ్గర్లో ఉన్నది విలేజ్ హెల్త్ క్లినిక్, ఏఎన్ఎం, ఆశా కార్యకర్త, 104 వాహనంలో వచ్చే డాక్టరు. కేంద్రం ఈ క్లినిక్కులకు నిర్దేశించిన 12 రకాల సేవల్లో వృద్ధుల సంరక్షణతో పాటు పాలియేటివ్ కేర్ కూడా ఉంది. అంటే కాగితం మీద ఎ.కొండూరుకు హాస్పైస్ సేవ ఇప్పటికే ఉన్నట్టే. కాగితం మీద ఉన్నదాన్ని లెక్క అడిగే హక్కు కూడా అందుకే ఉంది.

ఆ లెక్క ఇప్పటిదాకా పైనుంచి కిందికి చూసే లెక్కగానే సాగింది. ఎకనమిస్ట్ పత్రిక పరిశోధన విభాగం 2010లో 40 దేశాలను పోల్చి ‘మరణ నాణ్యత సూచీ’ విడుదల చేస్తే మన దేశానికి దక్కింది చివరి స్థానం. 2015లో 80 దేశాల్లో 67వ స్థానం. సిగ్గుపడాల్సిన అంకెలే. కానీ అవి ప్రధానంగా విధానాలను, నిధులను, శిక్షణ పొందిన సిబ్బందిని లెక్కపెట్టాయి, ఒక మనిషి రాత్రిని లెక్కపెట్టలేదు. మన దేశంలోని నిపుణులు తయారు చేసుకున్న కనీస ప్రమాణాల పట్టిక అంతకంటే నేలకు దగ్గరగా ఉంటుంది: రోగి నొప్పిని అడిగి రాసిపెడుతున్నారా, నోటితో వేసుకునే మార్ఫిన్ నిల్వ ఉందా, డాక్టరూ నర్సూ శిక్షణ పొందారా అని చూస్తుంది. ఇవన్నీ ఉండాల్సిందే. ఇవన్నీ ఉండి కూడా సేవ విఫలం కావచ్చు. నర్సు పగలు పదకొండింటికి వచ్చి బీపీ చూసి, రిజిస్టరులో టిక్కు పెట్టి వెళ్తుంది. నొప్పి రాత్రి రెండింటికి లేస్తుంది. రిజిస్టరు ప్రకారం సేవ అందింది, ఇంట్లోవాళ్ల లెక్కలో తెల్లవార్లూ ఎవరూ పలకలేదు. 1993లో కోజికోడ్ మెడికల్ కాలేజీలో మొదలైన ఉద్యమం పంచాయతీలకు పాకి, 2008లో దేశంలోనే తొలి పాలియేటివ్ విధానంగా మారిన కేరళలో కూడా అసలు బలం ఇంటి పక్కన ఉండే వాలంటీరుదే. ఏ వేళైనా తలుపు తట్టడానికి ఒక మనిషి ఉండడమే ఆ పద్ధతికి ప్రాణం.

ఎ.కొండూరుకు ఇంకో చిక్కు ఉంది. దీని మీద కాస్త ఆగాలి. పాలియేటివ్ కేర్ పాఠాలు చాలావరకు క్యాన్సర్ రోగులను దృష్టిలో పెట్టుకుని తయారైనవి. కిడ్నీ రోగి బాధ వేరు. ఒళ్లంతా దురద, నీరు చేరి ఊపిరాడకపోవడం, నోట్లో చేదు, రాత్రిళ్లు కాళ్లు నిలవనివ్వకపోవడం, ఎముకల నొప్పి. మందూ వేరే. మార్ఫిన్ శరీరంలో విరిగాక తయారయ్యే పదార్థాలు కిడ్నీల ద్వారానే బయటికి పోవాలి. కిడ్నీలు పనిచేయని మనిషిలో అవి పేరుకుపోయి మగత, కండరాల అదురు, శ్వాస మందగించడం లాంటి ప్రమాదాలు తెస్తాయి. అందుకే అనుభవమున్న డాక్టరు ఇలాంటి రోగికి ఫెంటానిల్ వంటి మందు వైపు మొగ్గుతాడు, మార్ఫిన్ తప్పనిసరైతే మోతాదు బాగా తగ్గించి ఎడం పెంచుతాడు. మరోవైపు పల్లెల్లో ఆర్ఎంపీ దగ్గర తేలిగ్గా దొరికే డైక్లోఫినాక్ ఇంజెక్షను, ఇంకా పనిచేస్తున్న కాస్త కిడ్నీని కూడా దెబ్బతీసే మందు. కాబట్టి క్యాన్సర్ పట్టికలో నూటికి నూరు తెచ్చుకున్న సంస్థ కూడా ఎ.కొండూరులో తప్పు మందు ఇవ్వవచ్చు. కిడ్నీ రోగి నొప్పికి ఏ మందు, ఎంత, ఎవరి సలహా మీద ఇచ్చారు అన్న ప్రశ్న లేకుండా ఇక్కడి సేవను మెచ్చుకున్నా, తప్పుపట్టినా అది తూకం లేని తీర్పే.

డయాలసిస్ విషయం ఇంకా సున్నితమైనది. వారానికి రెండు మూడు సార్లు తిరువూరుకో విజయవాడకో పోయివచ్చే మనిషికి, కూలి పోగొట్టుకుని వెంట వెళ్లే ఇంటి మనిషికి, ఒక దశలో ఆ ప్రయాణమే జబ్బుకంటే బరువవుతుంది. కొందరు ఆపేస్తారు. కిడ్నీలు పూర్తిగా ఆగిన మనిషి డయాలసిస్ మానేస్తే సాధారణంగా వారం పది రోజులకు మించి బతకడు. ఈ వారం పది రోజులే హాస్పైస్ సేవకు అసలు పరీక్ష. ఆపడం వల్ల ఏమవుతుందో ఆ మనిషికి ముందే చెప్పారా? ఆయాసం వస్తే వాడాల్సిన మందు ముందుగానే ఇంటికి చేర్చారా? లేక ఆఖరి గంటల్లో 108 పిలిచి మళ్లీ ఆసుపత్రి వరండాకే చేర్చారా? గౌరవంగా మరణించడం జీవించే హక్కులో భాగమేనని సుప్రీంకోర్టు 2018 మార్చి 9న తీర్పు చెప్పింది. ఆ హక్కు తండాలో అమలవుతోందో లేదో ఈ ప్రశ్నల జవాబుల్లోనే తెలుస్తుంది. డయాలసిస్ మీదున్నవాళ్లకు నెలకు 10,000 రూపాయల పింఛను ఇవ్వడం మంచి నిర్ణయం. పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి తెరవడమూ మంచిదే. కానీ యంత్రం మీద ఉన్నంతకాలం మనిషిని లెక్కలో ఉంచుకుని, యంత్రం దిగిన రోజు మర్చిపోయే వ్యవస్థ సగం వ్యవస్థే.

ఇక అడిగేది ఎవరు, ఎలా? బాధపడ్డ మనిషి ఇప్పుడు లేడు. కాబట్టి చూసుకున్నవాళ్లనే అడగాలి, దినకర్మలన్నీ అయి నెలో రెండు నెలలో గడిచాక, సేవ చేసిన సిబ్బంది కాకుండా వేరేవాళ్లు అడగాలి. అమెరికాలో 2015 నుంచి, మరీ చిన్నవి తప్ప, హాస్పైస్ సంస్థలకు ఇలాంటి సర్వే తప్పనిసరి అయింది. సాయంత్రాలు, సెలవు రోజుల్లో సాయం అందిందా అని అందులో ప్రత్యేకంగా అడుగుతారు, ఫలితాలు అందరికీ కనబడతాయి. అంత పహరా ఉన్న దేశంలోనే కాలిఫోర్నియా 2022లో కొత్త హాస్పైస్ లైసెన్సులు నిలిపేయాల్సి వచ్చింది, డబ్బు కోసం పుట్టుకొచ్చిన సంస్థలు అన్ని ఉన్నాయి మరి. మన తండాల్లో పెద్దవాళ్లను లంబాడీలోనే అడగాలి. తెలుగులో అడిగితే ‘బాగానే చూశారు’ అన్న మర్యాద జవాబే వస్తుంది. సున్నా నుంచి పది దాకా నొప్పికి అంకె వేయమంటే తడబడే మనిషి, రూపాయిలో ఎంత అని అడిగితే పావలా, అర్ధరూపాయి, ముప్పావలా అని ఠక్కున చెబుతాడు. రోగి బతికుండగా నర్సు ఆ పావలా లెక్కే రాసుకుంటే చాలు, సోమవారం ముప్పావలా ఉన్న నొప్పి గురువారానికి పావలాకు దిగిందో లేదో ఎవరికైనా తెలుస్తుంది.

దీనికి అభ్యంతరాలున్నాయి, అవి తేలికైనవి కావు. సేవే సరిగా లేనిచోట కొలతలు ఎందుకు, ముందు రానివ్వండి అంటారు. ప్రపంచంలో ఏటా 5.68 కోట్ల మందికి ఈ సంరక్షణ కావాలనీ, అందేది వందలో 14 మందికేననీ ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ఆ లెక్కన ఈ మాటలో నిజం లేకపోలేదు. కానీ కొలత లేకుండా వచ్చిన సేవ భవనంగా వచ్చి భవనంగానే మిగిలిపోతుంది. మొదటి రోజు నుంచీ రాత్రి గురించి అడిగితే, డబ్బు భవనానికి కాకుండా ఫోన్ ఎత్తే నర్సు జీతానికి పోతుంది. దానంగా నడిచే సంస్థను లెక్క అడగడం మర్యాద కాదని ఇంకొకరు అంటారు. సేవాభావం ఉన్నవాళ్లే ఈ లెక్కను ముందుగా కోరుకుంటారు, నొప్పి తగ్గిందో లేదో తెలుసుకోవాలనే కదా వాళ్లు ఆ ఇంటి గడప తొక్కింది. మూడో అభ్యంతరం అన్నిటికంటే గట్టిది: పేదవాళ్లు భయంతో, కృతజ్ఞతతో మెచ్చుకుంటారే తప్ప తప్పు చెప్పరు, చెబితే పింఛనుకో కార్డుకో ముప్పని జంకుతారు. ఒప్పుకుంటాను. అందుకే తృప్తిగా ఉందా అని అడగకూడదు. జరిగింది అడగాలి. ఆఖరి వారంలో రాత్రిపూట ఎన్నిసార్లు ఫోన్ చేశారు, ఎవరు ఎత్తారు, మందు ఇంట్లో ఉందా తెప్పించారా, వీపు మీద పుండ్లు పడ్డాయా, ప్రాణం ఎక్కడ పోయింది, ఆయన ఎక్కడ పోవాలనుకున్నాడు. వీటికి మెప్పూ నిందా అంటవు. చిన్న తండాల్లో ఎవరి జవాబో ఇట్టే తెలిసిపోతుంది కనుక ఫలితాలను పేర్లు లేకుండా మండలం మొత్తానికి కలిపి ప్రకటించాలి.

మత్తుమందులు దుర్వినియోగం అవుతాయన్న భయం చివరిది. 1985 నాటి మత్తుమందుల చట్టం ఆ భయంతోనే డాక్టర్ల చేతులు కట్టేసింది. 2014లో పార్లమెంటు దాన్ని సవరించింది. ఆ సవరణ ప్రకారం మార్ఫిన్, ఫెంటానిల్ సహా ఆరు మందులు అత్యావశ్యక జాబితాలో చేరాయి, గుర్తింపు పొందిన వైద్య సంస్థలు వాటిని నిల్వ ఉంచుకునే దారి సుగమమైంది. నల్లమందును చట్టబద్ధంగా పండించి బయటి దేశాలకు అమ్మే దేశంలో, పల్లెటూరి రోగి నొప్పితో పళ్లు బిగబట్టుకుని పోవడం చట్టం కోరింది కాదు. మందు బయటికి పోకుండా తాళం, రిజిస్టరు ఉండాల్సిందే. అదే రిజిస్టరులో అవసరమైన రోగికి మందు అందని రోజులు కూడా రాయాలి.

ఎన్టీఆర్ జిల్లా వైద్యాధికారులను, ఎ.కొండూరు మండలంలోని పంచాయతీలను అడిగేది ఇది. ఇకపై ఏ తండాలో కిడ్నీ జబ్బుతో ఒక మనిషి కన్నుమూసినా, నెలా రెండు నెలలకు వేరే మండలం ఏఎన్ఎంను, లంబాడీ మాట్లాడగలిగిన ఒక డ్వాక్రా సభ్యురాలిని ఆ ఇంటికి పంపండి. ఆఖరి వారం రాత్రిళ్లు ఎలా గడిచాయో అడిగి రాయించండి. మండలం మొత్తానికి కలిపిన ఆ లెక్కను ఏడాదికోసారి గ్రామసభల్లో చదివి వినిపించండి.