మన కాలువ, వాళ్ళ ఊరు

"ఏటా వేల టీఎంసీల గోదావరి నీళ్ళు వృథాగా సముద్రంలో కలిసిపోతున్నాయి."

గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో ఈ వాక్యం వినని రోజు అరుదు. మిరప కళ్ళాల దగ్గరా, పత్తి తూకాల దగ్గరా, పెళ్ళిపందిళ్ళలోనూ ఇదే మాట. పార్టీలు వేరైనా, కులాలు వేరైనా, ఈ వాక్యం దగ్గర అందరూ ఒక్కటవుతారు. అంత ఏకాభిప్రాయం ఉన్నచోట నాకు అనుమానం మొదలవుతుంది.

నది సముద్రంలో కలవడం వృథా అనుకుంటే రేపల్లె, నిజాంపట్నం వైపు ఒకసారి వెళ్ళి చూడాలి. నదిలో మంచినీళ్ళు తగ్గిన కొద్దీ ఉప్పునీరు లోపలికి తోసుకొస్తుంది. మడ అడవులకూ, వాటి నీడన పెరిగే చేపపిల్లకూ నది తెచ్చే నీరూ, ఒండ్రూ కావాలి. అయితే నా అసలు అభ్యంతరం అది కాదు. ఆ వాక్యంలో నీళ్ళున్నాయి, సముద్రం ఉంది, మనుషులు లేరు. ఆ నీళ్ళను ఆపాలంటే ఎవరి ఊరు మునగాలో ఆ వాక్యం చెప్పదు. చెప్పకపోవడం వల్లే అది అందరికీ అంత ఇష్టం.

ఈ టపాలో నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. నీళ్ళు అనుభవించేవాడికి, ఆ నీళ్ళకోసం మునిగే ఊరి సమ్మతి గురించి అడగవలసిన బాధ్యత ఉంది. దాన్ని ప్రభుత్వం నెత్తిన పడేసి, "నష్టపరిహారం ఇస్తున్నారుగా" అని చేతులు దులుపుకోవడానికి వీల్లేదు. నేను సాగర్ కుడికాలువ కింద పండిన గింజలు తిని పెరిగినవాణ్ణి. అంచేత ఈ మాట కొండమీదివాళ్ళ తరఫున అంటున్నది కాదు, కాలువ కిందివాళ్ళ మధ్య కూర్చుని అంటున్నది.

ముందుగా సాగర్ సంగతి. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీరు వదిలారు. కుడికాలువ కింద గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో 11.74 లక్షల ఎకరాల ఆయకట్టు. వాన కోసం ఆకాశం వైపు చూసిన భూముల్లో వరీ, పత్తీ, మిరపా పండాయి. ఇళ్ళు లేచాయి, పిల్లలు చదువుకున్నారు. ఈ మేలును తక్కువచేయడం నా ఉద్దేశం కాదు. తక్కువచేస్తే అన్నం పెట్టిన చేతిని మరచినట్టే.

కాని ఆ జలాశయం అడుగున ఒక లోయ ఉంది. ఇక్ష్వాకుల విజయపురి ఉన్న లోయ. అది మునిగిపోతుందని తెలిసి 1954 నుంచి 1960 దాకా పురావస్తు శాఖ భారీ ఎత్తున తవ్వకాలు జరిపింది. స్తూపాలు, విహారాలు, శిల్పాలు ఎన్నింటినో కొండమీదికీ, ఒడ్డుకూ తరలించింది. ఒక్కొక్క ఇటుకకు లెక్క రాసుకుని కొన్ని కట్టడాలను మళ్ళీ నిలబెట్టింది. చాలా గొప్ప పని, ఇప్పటికీ పడవెక్కి వెళ్ళి చూసి గర్వపడుతున్నాం. ఆ లోయలో ఆనాటికి బతికున్న పల్లెలు కూడా ఉన్నాయి. అక్కడి మనుషులు ఎటు వెళ్ళారో చెప్పే ప్రదర్శనశాల ఏది? రాళ్ళకు జరిగిన పునరావాసం మనుషులకు జరిగిందా అని మన సాహిత్యంలో ఎంతమంది అడిగారు? శ్రీశైలం దగ్గరా ఇదే కథ. 1981లో దాదాపు నూరు ఊళ్ళను ఖాళీ చేయించారు. ఆలయాలను రాయి రాయిగా విప్పి తరలించారు. మనుషుల విషయంలో అంత ఓపిక కనబడలేదు.

"అవన్నీ పాత సంగతులు, ఇప్పుడు మనకు స్పృహ వచ్చింది" అంటారేమో. ఆ స్పృహ ఎక్కడ మేలుకుంటుందో, ఎక్కడ నిద్రపోతుందో చూద్దాం.

నల్గొండ జిల్లాలో, సాగర్ జలాశయం పక్కనే ఉన్న లంబాపురం, పెద్దగట్టు ప్రాంతంలో యురేనియం తవ్వాలన్న ప్రతిపాదన మీద 2003లోనూ, 2005లోనూ బహిరంగ విచారణలు జరిగాయి. జనం గట్టిగా ఎదిరించారు. 2019లో నల్లమలలోని అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో యురేనియం అన్వేషణకు కేంద్ర అటవీ సలహా సంఘం సూత్రప్రాయంగా సరేనన్నది. అప్పుడు లేచిన గాలిదుమారం అందరికీ గుర్తుంది. కవులు, విద్యార్థులు, సినిమావాళ్ళు అందరూ "నల్లమలను కాపాడండి" అన్నారు. ఆ సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ యురేనియం తవ్వకాలకు వ్యతిరేకంగా ఏకగ్రీవంగా తీర్మానించింది. చెంచుల గురించి అంతకుముందు ఒక్క మాట రాయనివాళ్ళు కూడా రాశారు. సంతోషం. ఆ ఉద్యమం సరైనదే.

అయితే ఆ ఉద్యమంలో మన గొంతు అంత బలంగా పలకడానికి ఒక కారణం ఉంది. యురేనియం విషం కృష్ణలో కలిస్తే ఆ నీళ్ళు తాగేది మనం. అంటే అక్కడ చెంచుల మేలూ, మన మేలూ ఒకే ఒడ్డున ఉన్నాయి. ఆదివాసి మేలు ఒక ఒడ్డునా, మన మేలు మరో ఒడ్డునా ఉన్నప్పుడు ఏం చేశామన్నదే అసలు పరీక్ష. ఆ పరీక్ష పేరు పోలవరం.

నిండు మట్టం 45.72 మీటర్లు. నిలవ 194 టీఎంసీలకు పైగా. జలవిద్యుత్తు 960 మెగావాట్లు. కుడికాలువ గుండా కృష్ణా బేసినుకు 80 టీఎంసీలు. ఈ అంకెలు మనవాళ్ళకు కంఠతా వచ్చు. అదే నోటితో రెండో అంకె కూడా చెప్పాలి. ప్రభుత్వ లెక్కల ప్రకారమే 370కి పైగా ఆవాసాలు, లక్షకు పైగా కుటుంబాలు కదలాలి. వారిలో పెద్ద భాగం కోయలు, కొండరెడ్లు. పాపికొండల కొండరెడ్ల మీద హైమెండార్ఫ్ రాసిన పుస్తకం 1945లోనే వచ్చింది. కాబట్టి అక్కడ ఎవరున్నారో తెలియదనడానికి లేదు. 2014లో ఖమ్మం జిల్లా నుంచి ముంపు మండలాలను తెచ్చి ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు. అది గ్రామసభలను కూర్చోబెట్టి అడిగి చేసిన పని కాదు. ఊరు ఏ రాష్ట్రంలో ఉండాలన్నది ఊరు మునిగే ఎత్తును బట్టి తేలింది.

అలా కలిసిన మండలాల్లో చింతూరు ఒకటి. దిగువ సీలేరు జలవిద్యుత్కేంద్రం ఉన్న మోతుగూడెం ఆ మండలంలోనిదే. 460 మెగావాట్ల కరెంటు అక్కడ పుట్టి మైదానానికి దిగివస్తూ ఉంది. కొండ ఒకసారి కరెంటు ఇచ్చింది. ఇప్పుడు ఊళ్ళే ఇమ్మంటున్నాం.

2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది. ఆనకట్ట పూర్తి కాలేదు, జలాశయం నిండలేదు. కాని నదికి అడ్డంగా కాఫర్ డ్యాం అప్పటికే ఉంది. వేలేరుపాడు, కుక్కునూరు, వరరామచంద్రపురం మండలాల జనం గుట్టలెక్కి రోజుల తరబడి తలదాచుకున్నారు. ఆ వారం మన టీవీల్లో వినిపించిన చర్చ, పోలవరం పనులకు ఎంత నష్టం జరిగిందన్నది.

ఇక మనవైపు నుంచి వచ్చే వాదనలు.

మొదటిది, రైతు కష్టం. ఈ నేల మీద రైతు కష్టాన్ని నేను కాదనలేను. 1987-88లో ప్రకాశం, గుంటూరు జిల్లాల పత్తి రైతులు పురుగుమందు తాగి చనిపోయిన సంగతి దేశమంతా విన్నది. కాని వారిని చంపింది తెల్లదోమ, మందుల దుకాణం అప్పు, పడిపోయిన దిగుబడి. 2024 ఆగస్టులో సాగర్ గేట్లు ఎత్తి నీళ్ళు కిందికి వదిలారు. నీటికి కొరత లేని ఆ పంటకాలం చివరన, 2025 ఫిబ్రవరిలో, గుంటూరు యార్డులో మిరప ధర కుప్పకూలింది. కేంద్రం క్వింటాలుకు 11,781 రూపాయలని ఒక ధర ప్రకటించవలసి వచ్చింది. నీళ్ళుంటే చాలు రైతు బాగుపడతాడన్న మాట నిజమైతే ఆ ఏడు పండగ జరగాలి. గిట్టుబాటు ధర అడగవలసిన చోట అడగలేక, కోయ ఊరి నీళ్ళు అడగడం తేలిక అయిపోయింది.

రెండోది, నీటి కొరత. ఉన్న నీటిని ఏం చేస్తున్నాం? 2021 ఆగస్టు 5న పులిచింతలలో 16వ గేటు కొట్టుకుపోయింది. దాన్ని సరిచేయడానికి నిలవ నీటిని కిందికి వదిలేశారు. 2022లో ప్రకాశం జిల్లా గుండ్లకమ్మ జలాశయం గేటు ఒకటి పోయింది. 2023 డిసెంబరులో అక్కడే మరొకటి పోయింది. ఆ నీళ్ళూ సముద్రానికే వెళ్ళాయి. "వృథా" అన్న పదం అప్పుడు ఎవరి నోటా అంత గట్టిగా రాలేదు. కుడికాలువ ఎగువన ఆరుతడి పైర్లకని కేటాయించిన భూముల్లో వరి వేస్తారు, దిగువన దర్శి, అద్దంకి వైపు చివరి భూములకు నీరందదు. ఈ తగవు కాలువంత పాతది. ఒకే కాలువ మీద ఉన్న మనం మనలో మనం నీళ్ళు పంచుకోలేక, వందల మైళ్ళ అవతలివాణ్ణి ఊరు ఖాళీ చెయ్యమంటున్నాం.

మూడోది, "వాళ్ళకు మాత్రం అభివృద్ధి వద్దా?" కావాలి. ఏది అభివృద్ధో చెప్పే హక్కు కూడా వాళ్ళకే కావాలి. 2013 భూసేకరణ చట్టం 41వ సెక్షను షెడ్యూలు ప్రాంతాల్లో భూసేకరణ వీలైనంతవరకు వద్దనీ, తప్పనిసరైతే చిట్టచివరి మార్గంగానే చెయ్యాలనీ, గ్రామసభ ముందస్తు సమ్మతి ఉండాలనీ అంటుంది. 1996 నాటి పెసా చట్టం, 1997 జులై నాటి సమతా తీర్పు, 2006 అటవీ హక్కుల చట్టం అన్నీ ఒకే దిక్కు చూపిస్తాయి. అన్నీ కాగితాల మీద క్షేమంగా ఉన్నాయి. ఇప్పపూలు ఏరుకునే చెట్టుకూ, వెదురు పొదకూ, వేలుపు ఉన్న గుట్టకూ, నదిలో వలవేసే చోటుకూ పట్టా ఉండదు. పట్టా లేనిదానికి పరిహారం ఉండదు. మైదానంలో వరసగా కట్టిన కాలనీ ఇల్లు ఊరికి బదులు కాదు.

నాలుగోది, "కట్టేశారుగా, ఇంకెందుకీ గోల?" చాలామంది ఇక్కడ ఆగిపోతారు. కాని అంతా అయిపోలేదు. తొలిదశలో 41.15 మీటర్ల దాకానే నీరు నిలపాలా, 45.72 మీటర్ల దాకా వెళ్ళాలా అన్న తేడాలో ఇంకా ఎన్నో ఊళ్ళున్నాయి. పైగా గోదావరిని ఇటు తెచ్చే పథకాలు ఒకదాని వెంట ఒకటి వస్తున్నాయి. పోలవరం నుంచి బనకచర్లకు నీళ్ళు తెస్తామనీ, మధ్యలో పల్నాడులోని బొల్లాపల్లి దగ్గర భారీ జలాశయం కడతామనీ, నల్లమల కింద సొరంగం తవ్వుతామనీ 2024 చివర్లో చెప్పారు. 2025 జూన్‌లో కేంద్ర పర్యావరణ నిపుణుల సంఘం ఆ ప్రతిపాదనను తిప్పి పంపింది. ఆ తరువాత ఆలోచన నల్లమల సాగర్ వైపు మళ్ళింది. 2019లో మనం కాపాడమన్న నల్లమల, మన నీళ్ళకు దారి అయ్యేసరికి వట్టి కొండ అయిపోతుందేమో చూడాలి.

నీళ్ళు కావాలంటే ఊరు ముంచడం ఒక్కటే దారి అన్నదీ నిజం కాదు. 2015లో మొదలైన పట్టిసీమ ఎత్తిపోతల గోదావరి వరదనీటిని కృష్ణా డెల్టాకు తెచ్చింది. దానికి కరెంటు ఖర్చుంది, పోలవరం కుడికాలువ కోసం మైదానం రైతుల భూములూ పోయాయి. కాని అది ఒక్క కోయ ఊరిని కూడా జలాశయం కింద పెట్టకుండా నీళ్ళిచ్చింది. ఖర్చు మన బిల్లులో పడితే "తలకు మించిన భారం" అంటాం. అదే ఖర్చు కొండరెడ్డి ఊరి రూపంలో పడితే "జాతి ప్రయోజనం" అంటాం.

దూరదేశపు సంగతి ఒకటి చెప్పి ముగిస్తాను. కెనడాలో క్యూబెక్ ఉత్తరాన క్రీ అనే ఆదివాసులున్నారు. వారి నదుల మీద 1971లో పెద్ద జలవిద్యుత్ పథకం ప్రకటించారు. తరువాత గ్రేట్ వేల్ అనే నది వంతు వచ్చింది. 1990లో క్రీలు, ఇనుయిట్లు కలిసి ఒక పడవ కట్టి, తమ రాజధానితో సరిపెట్టకుండా, ఆ కరెంటు కొనబోతున్న న్యూయార్కు దాకా వెళ్ళారు. "మీ దీపం వెలగడానికి ఏం మునుగుతుందో చూడండి" అని నేరుగా దీపం వెలిగించుకునేవాళ్ళనే అడిగారు. 1992లో న్యూయార్కు రాష్ట్రం ఆ ఒప్పందం మానుకుంది. 1994లో ఆ పథకాన్ని పక్కన పెట్టారు. 2002లో క్రీలు మరో పథకానికి ఒప్పుకున్నారు కూడా. కాని తమలో తాము ఓటు వేసుకుని ఒప్పుకున్నారు. అడగడానికీ, ముంచడానికీ ఉన్న తేడా అదే.

ఈ కథలో మన స్థానం క్రీలది కాదు. న్యూయార్కువాళ్ళది.

కాబట్టి మన ఊళ్ళలోని నీటి వినియోగదారుల సంఘాలు మూడు మాటలు తీర్మానం చేసి పంపాలి. ఒకటి, ముంపు ఊళ్ళన్నిటికీ పునరావాసం పూర్తయిందని ఆ ఊళ్ళ గ్రామసభలే చెప్పేదాకా పోలవరం మట్టం పెంచవద్దు. రెండు, కొత్త అనుసంధానం ఏదైనా సరే, ముందుగా గ్రామసభల తీర్మానాలు బయటపెట్టాలి, ఆ తరువాతే శంకుస్థాపన. మూడు, మనం కట్టే నీటి తీరువాలో కొంత, ఆనకట్ట కరెంటు ఆదాయంలో కొంత, ఏటేటా నిర్వాసితులకు వాటాగా వెళ్ళాలి. ఒకసారి పడేసే పరిహారంగా కాదు.

దీనివల్ల మనకు నీళ్ళు ఆలస్యం కావచ్చు, కొన్ని రాకపోనూ వచ్చు. ఆ మాట దాచను. అంతమాత్రాన కోయ ఊరిని ముంచే అధికారం మనకు ఎవరిచ్చారన్న ప్రశ్న పోదు. "మనం ఓటు వేసి ఇచ్చాం" అనేవాళ్ళు, ఆ ఓటును తమ ఊరి మీదే వేయించి చూసుకోండి.